ఉపగ్రహానికి మీరెవరో తెలియదు

"పైన తిరిగే ఉపగ్రహం మన ఫోన్‌ను చూస్తూ ఉంటుంది. మనం ఎక్కడున్నామో కనిపెట్టి కిందికి చెబుతుంది. అదే జీపీఎస్." మా క్లాసులో ఎవరిని కదిపినా ఇంచుమించు ఇదే మాట. ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లమే ఇలా అంటుంటే బయటివాళ్లను అనుకోవడానికి ఏముంది? ఈ మాటల్లో ఉపగ్రహం పైన తిరుగుతుందన్న ముక్క ఒక్కటే నిజం. జీపీఎస్ ఉపగ్రహం ఎవరినీ చూడదు. ఫోన్ నుంచి దానికి ఏ కబురూ చేరదు. మీరొకరు ఈ భూమ్మీద ఉన్నారన్న సంగతే దానికి తెలియదు.

అయినా మ్యాప్‌లో నీలి చుక్క మనతోపాటే నడుస్తుంది, మనం మలుపు తిరిగితే తనూ తిరుగుతుంది. నిన్న ఎటు వెళ్లామో ఇవాళ ప్రకటనల రూపంలో మనకే గుర్తుచేస్తారు. అంటే ఎవరికో తెలుస్తోందన్నమాట. ఆ ఎవరో ఎవరన్నదే చిక్కు. చుక్క ఎలా పుడుతుందన్నది ఒక కథ, పుట్టాక ఎవరెవరి చేతుల్లోకి వెళుతుందన్నది ఇంకో కథ. రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే "ఉపగ్రహం నన్ను గమనిస్తోంది" అన్న భయం ఒకరికి, "లొకేషన్ ఆఫ్ చేశాగా, ఇక ఎవరికీ తెలియదు" అన్న ధీమా ఇంకొకరికి. ఆ భయానికీ ఆధారం లేదు, ఈ ధీమాకీ లేదు.

మొదట చుక్క పుట్టుక సంగతి చూద్దాం. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున సుమారు 30 జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. ఒక్కొక్కటి రోజుకు రెండుసార్లు భూమిని చుట్టి వస్తుంది. అమెరికా నడిపే వ్యవస్థ ఇది. రష్యాకు గ్లోనాస్, ఐరోపాకు గెలీలియో, చైనాకు బైడూ ఉన్నాయి. ఇప్పటి ఫోన్లు వీటన్నింటినీ కలిపి వాడుకుంటాయి, పనిచేసే సూత్రం అన్నింటిదీ ఒకటే కాబట్టి ఇక్కడ జీపీఎస్ పేరుతోనే చెప్పుకుపోతాను.

ఈ ఉపగ్రహాలు చేసేది అచ్చంగా రేడియో ప్రసారం. ప్రతిదీ ఆపకుండా ఒకే తరహా సందేశం వినిపిస్తూ ఉంటుంది: "నేను ఫలానా నంబరు ఉపగ్రహాన్ని. నా కక్ష్య వివరాలు ఇవీ. ఈ సందేశం బయల్దేరినప్పుడు నా గడియారంలో టైము ఇంత." అంతే. వినేవాడు ఒక్కడున్నా, వందకోట్ల మంది ఉన్నా దానికి ఒకటే. మనం జీపీఎస్ వాడితే ఉపగ్రహం మీద భారం పెరుగుతుందేమోనని మా జూనియర్ ఒకడు నిజంగానే దిగులుపడ్డాడు. రేడియోలో పాట వినేవాళ్లు ఎక్కువైతే పాడేవాళ్ల గొంతు నొప్పి పుట్టదు కదా.

మరి ఈ సందేశం విని ఫోన్ చోటు ఎలా చెబుతుంది? మెరుపు మెరిశాక ఉరుము వినిపించేదాకా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి మూడు సెకన్లు పట్టిందంటే పిడుగు కిలోమీటరు అవతల పడిందన్నమాట. ఆలస్యాన్ని దూరంగా మార్చడం అంటే ఇదే. ఫోన్ చేసేదీ ఇదే. కాకపోతే ఇక్కడ పరుగెత్తేది రేడియో తరంగం, సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు. నెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి సంకేతం దిగడానికి పట్టేది 67 మిల్లీసెకన్లు మాత్రమే. ఈ వేగం దగ్గర ఒక మైక్రోసెకను తేడా వస్తే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఒక నానోసెకనుకు 30 సెంటీమీటర్లు. అందుకే ఉపగ్రహాల్లో ఎంతో కచ్చితంగా నడిచే పరమాణు గడియారాలు పెట్టారు. జీపీఎస్ అంటే మ్యాపుల టెక్నాలజీ అనుకుంటాం గానీ, లోపలికి తొంగిచూస్తే అది నూటికి తొంభై పాళ్లు గడియారాల టెక్నాలజీ.

ఒక ఉపగ్రహానికి 21,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నారని తేలితే, ఆ ఉపగ్రహం చుట్టూ అంత వ్యాసార్ధంతో గీసిన గోళం మీద ఎక్కడో ఉన్నారని అర్థం. రెండో ఉపగ్రహం ఇంకో గోళం ఇస్తుంది. రెండు గోళాలు కలిసేచోట ఒక వలయం ఏర్పడుతుంది. మూడో గోళం ఆ వలయాన్ని రెండు బిందువుల దగ్గర కోస్తుంది, ఆ రెండింట్లో ఒకటి ఎక్కడో అంతరిక్షంలో పడుతుంది కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. కాబట్టి మూడు ఉపగ్రహాలు చాలు. పాఠ్యపుస్తకం ఇంతవరకూ బొమ్మలేసి మరీ చెబుతుంది.

అసలు మెలిక దీని తర్వాతే. ఆలస్యం కొలవాలంటే బయల్దేరిన టైమూ తెలియాలి, చేరిన టైమూ తెలియాలి. బయల్దేరిన టైము చెప్పేది పరమాణు గడియారం. చేరిన టైము చెప్పేది ఫోన్‌లోని చవక క్వార్ట్‌జ్ స్ఫటికం. అది ఒక్క మిల్లీసెకను తప్పినా దూరం 300 కిలోమీటర్లు తప్పుతుంది. ప్రతి ఫోన్‌లో పరమాణు గడియారం పెట్టడమా, అయ్యే పని కాదు. దీనికి కనిపెట్టిన విరుగుడు నాకు ఈ చదువులోకెల్లా నచ్చిన ముచ్చట. ఫోన్ గడియారం ఎంత తప్పినా, అన్ని ఉపగ్రహాల విషయంలోనూ ఒకే మేర తప్పుతుంది. ఈ ఉపగ్రహానికి ఇంత, ఆ ఉపగ్రహానికి అంత అని ఉండదు. కాబట్టి ఆ తప్పును కూడా తెలియని రాశిగా లెక్కలోకి తీసుకుంటే సరి. పొడవు, వెడల్పు, ఎత్తు, గడియారం తప్పు: నాలుగు తెలియనివి. నాలుగు ఉపగ్రహాల నుంచి నాలుగు సమీకరణాలు. ఫోన్ చేసేదల్లా, నాలుగు గోళాలూ ఒకే బిందువు దగ్గర కలిసేదాకా తన గడియారాన్ని ముందుకీ వెనక్కీ జరిపి చూడటమే. కలిశాయా, చోటు తెలిసింది. దాంతోపాటు, అడగకుండానే, పరమాణు గడియారపు టైము కూడా చేతికొచ్చింది.

అడగకుండా వచ్చిన ఈ టైమే ఇవాళ ఎన్నో పెద్ద పనుల్లో వాడుతున్నారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. మొబైల్ టవర్లు ఒకదాని సంకేతాలు ఒకదాని మీద పడకుండా లయ కలుపుకునేది చాలావరకు జీపీఎస్ టైముతోనే. విద్యుత్ గ్రిడ్‌లో వందల కిలోమీటర్ల దూరాన ఉన్న రెండు చోట్ల కరెంటు అలలు జతగా సాగుతున్నాయో లేదో పోల్చి చూడటానికీ, ఆర్థిక లావాదేవీల మీద టైము ముద్ర వేయడానికీ ఇదే ఆధారం. వీటిలో ఎక్కడా మ్యాపు కనపడదు.

గడియారాల సంగతి వచ్చింది కాబట్టి ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతాన్ని దాటిపోలేం. వేగంగా కదిలే గడియారం నెమ్మదిస్తుంది. ఆ లెక్కన ఉపగ్రహపు గడియారం రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడాలి. గురుత్వాకర్షణ తక్కువున్న చోట గడియారం వేగంగా నడుస్తుంది. ఆ లెక్కన సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోవాలి. రెండూ కలిపితే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుంటుంది. 1977లో ప్రయోగించిన ఎన్‌టీఎస్-2 అనే పరీక్షా ఉపగ్రహంలో ఈ సవరణ చేసే పరికరాన్ని పెట్టారు గానీ, మొదట ఆన్ చేయలేదు. సిద్ధాంతం నిజమో కాదో చూద్దామని సుమారు 20 రోజులు గడియారాన్ని దాని మానాన వదిలేశారు. అది సిద్ధాంతం చెప్పిన దానికి చాలా దగ్గరగానే ముందుకు జరిగింది. అప్పుడు సవరణ ఆన్ చేశారు. ఇప్పటి ఉపగ్రహాల్లో గడియారాన్ని భూమ్మీదే కావాలని కొంచెం నెమ్మదిగా ఉండేలా కట్టి పంపుతారు, పైకి వెళ్లాక సరిపోతుంది.

ఇక్కడ చిన్న పేచీ పెట్టుకోవాలి. "సాపేక్షతా సిద్ధాంతం లేకపోతే జీపీఎస్ రోజుకు 11 కిలోమీటర్లు తప్పుతుంది" అని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. 38 మైక్రోసెకన్లను కాంతి వేగంతో గుణిస్తే 11 కిలోమీటర్లు వస్తుంది, గుణకారం వరకు నిజమే. కానీ పైన చెప్పిన నాలుగో సమీకరణాన్ని గుర్తు తెచ్చుకోండి. అన్ని ఉపగ్రహాల గడియారాలూ ఒకే మేర ముందుకు జరిగితే, ఆ ఉమ్మడి తప్పును ఫోన్ తన గడియారం తప్పులో కలిపేసుకుంటుంది. చుక్క అంత దూరం జరగదు. ఇబ్బంది వచ్చేది వేరే దారుల్లో. కక్ష్యలు కచ్చితమైన వృత్తాలు కావు కాబట్టి ఒక్కో గడియారం ఒక్కో సమయంలో ఒక్కో మేర తేడా చూపిస్తుంది, దాన్ని ఫోన్ విడిగా సరిచేయాలి. ఉపగ్రహం సెకనుకు దాదాపు నాలుగు కిలోమీటర్లు కదులుతుంది కాబట్టి టైము తప్పితే అది ఎక్కడుందన్న లెక్కా తప్పుతుంది. ఇక టైము కోసమే జీపీఎస్ వాడేవాళ్లకైతే ఆ 38 మైక్రోసెకన్లు నేరుగా నెత్తిన పడతాయి. ఐన్‌స్టీన్ ఇక్కడ అవసరమే, కాకపోతే సామెతలా చలామణీ అవుతున్న ఆ 11 కిలోమీటర్ల లెక్క కోసం కాదు.

ఇంతకీ ఈ వినడం ఎంత కష్టమో చెప్పాలి. ఉపగ్రహం పంపేది కొన్ని పదుల వాట్ల శక్తి. అది భూమి సగం మీద పరుచుకుని మన ఫోన్‌కు చేరేసరికి, ఒక వాట్‌ను కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద ముక్కలు చేస్తే వచ్చేంత మిగులుతుంది. ఫోన్ సర్క్యూట్‌లో సహజంగా ఉండే రొద కంటే ఇది తక్కువ. రొదలో మునిగిన గొంతును పట్టడానికి ఉన్న కిటుకు, ఆ గొంతు ఏం పలుకుతుందో ముందే తెలిసి ఉండటం. ప్రతి ఉపగ్రహానికీ 1,023 సున్నాలు, ఒకట్లతో తనదంటూ ఒక వరస ఉంటుంది. దాన్ని మిల్లీసెకనుకు ఒకసారి చొప్పున పలుకుతూనే ఉంటుంది. ఫోన్ దగ్గర అదే వరస నకలు ఉంటుంది. వచ్చిన రొద మీద ఆ నకలును జరుపుతూ, జరుపుతూ సరిగ్గా అతికే చోటు వెతుకుతుంది. అతికినప్పుడు రొదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని సంకేతం పైకి తేలుతుంది. ఎంత జరిపితే అతికిందో అదే ఆలస్యం, అదే దూరం.

ఇది కళ్లారా చూడాలంటే ఉపగ్రహాల పట్టిక చూపించే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. మేడ మీద నిలబడి తెరిస్తే ఇరవై ముప్పై ఉపగ్రహాలు వరసగా కనపడతాయి. ఒక్కోదాని పక్కన సంకేతం బలం చెప్పే అంకె ఉంటుంది, బాగా వినిపించేవాటికి 40 దాటుతుంది. అలాగే ఫోన్ పట్టుకుని మెట్లు దిగండి. అంకెలు 30లోకి, 20లోకి జారతాయి, కొన్ని వరసలు బూడిద రంగులోకి మారి మాయమవుతాయి. కిటికీ దగ్గరకు వెళితే ఆ కిటికీ వైపు ఆకాశంలో ఉన్నవి మాత్రమే మళ్లీ లేస్తాయి. నాకైతే ఏ పాఠం కంటే ఈ పట్టికే ఎక్కువ నేర్పింది. ఎత్తైన భవనాల మధ్య చుక్క పక్క వీధిలోకి ఎందుకు గెంతుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది: నేరుగా రావాల్సిన సంకేతం ఎదుటి గోడకు తగిలి, చుట్టు తిరిగి వస్తుంది. దారి పెరిగింది, ఆలస్యం పెరిగింది, ఫోన్ దాన్ని దూరం అనుకుంది. వాతావరణపు పై పొర అయనోస్ఫియర్ కూడా సంకేతాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం పౌనఃపున్యాన్ని (ఫ్రీక్వెన్సీని) బట్టి మారుతుంది కాబట్టి రెండు పౌనఃపున్యాల్లో వింటే దాన్ని లెక్కగట్టి తీసేయొచ్చు. 2018 నుంచి కొన్ని ఫోన్లలో ఈ సౌకర్యం వచ్చింది.

ఫోన్ కేవలం వింటుంది, పలకదు. ఈ ఏర్పాటు మన గోప్యత కోసం చేసింది కాదు, యుద్ధం కోసం. 1957 అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు, అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లైడ్ ఫిజిక్స్ లాబొరేటరీలో గయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు దాని బీప్ బీప్ శబ్దం వింటూ, దాని పౌనఃపున్యంలో వచ్చే మార్పును బట్టి దాని కక్ష్య లెక్కకట్టారు. వాళ్లపైనున్న మెక్‌క్లూర్ మరుసటి ఏడాది దీన్ని తిరగేశాడు: మనం ఎక్కడున్నామో తెలిసి ఉపగ్రహం జాడ పట్టగలిగితే, ఉపగ్రహం జాడ తెలిసి మనం ఎక్కడున్నామో ఎందుకు పట్టలేం? దాన్నుంచి జలాంతర్గాముల కోసం ట్రాన్సిట్ అనే వ్యవస్థ, ఆ తర్వాత జీపీఎస్ వచ్చాయి. మొదటి జీపీఎస్ ఉపగ్రహం 1978లో ఎగిరింది. సైనికుడు తన చోటు తెలుసుకోవాలి, కానీ తెలుసుకునే క్రమంలో తాను ఏ సంకేతమూ వదలకూడదు, వదిలితే శత్రువుకు దొరికిపోతాడు. అందుకే వినడమే తప్ప పలకడం లేని పద్ధతి ఎంచుకున్నారు. సైన్యం తన రహస్యం కోసం కట్టిన గోడ, మన జేబులో ఫోన్‌కు కూడా ఉచితంగా దక్కింది.

1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చేసింది. 269 మంది చనిపోయారు. ఆ తర్వాతే, పూర్తయ్యాక జీపీఎస్‌ను పౌర అవసరాలకు ఉచితంగా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. అయినా చాలాకాలం పౌరుల సంకేతంలో కావాలని తప్పులు కలిపి పంపేవారు, చోటు 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో ఆ కల్తీ ఆపేశారు. ఇవాళ్టి దారి చూపించే యాప్‌లన్నీ ఆ నిర్ణయానికి రుణపడ్డవే.

చుక్క పుట్టుక కథ ఇంతటితో సరి. ఈ కథలో ఎక్కడా ఇంటర్నెట్ లేదు, సిమ్ లేదు, కంపెనీ లేదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా చాలా ఫోన్లు ఉపగ్రహాలను వింటూనే ఉంటాయి. మ్యాపు ముందే దించుకుని ఉంటే చుక్క కదులుతూనే ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా మీరెక్కడున్నారో మీరు తెలుసుకోవచ్చు. సాధ్యమే. మనం అలా వాడుకోం, అంతే.

ఎందుకంటే మనకు తొందర. ఉపగ్రహం తన సమాచారాన్ని సెకనుకు 50 బిట్ల చొప్పున పంపుతుంది, ఇవాళ్టి లెక్కలో నత్త నడక. దాని సొంత కక్ష్య వివరాలు ప్రతి 30 సెకన్లకోసారి వస్తాయి, మిగతా ఉపగ్రహాలన్నింటి స్థూల జాబితా పూర్తిగా రావడానికి 12న్నర నిమిషాలు. యాప్ తెరవగానే చుక్క కనపడకపోతే విసుక్కునే మనం అంతసేపు ఆగుతామా? అందుకని ఆ వివరాలను ఫోన్ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోన్ నోరు విప్పడం ఇక్కడ మొదలు. ఈ మెట్టు మీద బయటపడేది పెద్దగా ఏమీ లేదు.

తర్వాతి మెట్టు అంత అమాయకమైంది కాదు. నాలుగు గోడల మధ్య ఉపగ్రహాలు వినపడవు. అయినా చుక్క కనపడుతుంది, అదీ ఫర్వాలేదనిపించేంత కచ్చితంగా. చుట్టుపక్కల వైఫై రూటర్లు నిరంతరం తమ గుర్తింపు సంఖ్య చాటుకుంటూ ఉంటాయి. వాటికి మనం కనెక్ట్ కాకపోయినా ఫోన్‌కు ఆ సంఖ్యలు వినపడతాయి. ఆ జాబితాను ఫోన్ ఒక సర్వరుకు పంపి "ఈ రూటర్లు వినపడే చోటు ఏది?" అని అడుగుతుంది. అక్కడ లోకంలోని రూటర్ల చిరునామాల పెద్ద పట్టిక ఉంటుంది. ఆ పట్టిక ఎవరు తయారుచేశారు? చాలావరకు మనమే. ఆరుబయట ఉపగ్రహాల వల్ల చోటు తెలిసిన ఫోన్లు "నేను ఇక్కడున్నాను, నాకు ఈ రూటర్లు వినపడుతున్నాయి" అని చెబుతూ పోవడం వల్లే అది నిండింది. రూటర్ వైఫై పేరు చివర "_nomap" అని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో చేర్చితే గూగుల్ దాన్ని పట్టికలోంచి తీసేస్తుంది. ఈ సంగతి ఎంతమంది రూటర్ యజమానులకు తెలుసో మీరే ఊహించుకోండి.

ఇక మూడో మెట్టు యాప్‌లది. చుక్క ఎక్కడి నుంచి వచ్చిందన్నది యాప్‌కు అనవసరం. అనుమతి ఉంటే చేతికి అందిన అక్షాంశ రేఖాంశాలను తన సర్వరుకు పంపుకుంటుంది. మ్యాపుల్లో రోడ్డు ఎర్రబడితే ముందు ట్రాఫిక్ ఉందంటాం. ఆ ఎరుపు ఉపగ్రహం నుంచి రాదు. ఆ రోడ్డు మీద నెమ్మదిగా పాకుతున్న ఫోన్లు తమ వేగాన్ని ఎప్పటికప్పుడు చెప్పుకోవడం వల్ల వస్తుంది. పేర్లు తీసేసి కలిపి వాడతామని కంపెనీలు చెబుతాయి. పేరు తీసేయడం ఎంతవరకు రక్ష అన్నది వేరే ప్రశ్న. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో 15 లక్షల మంది మొబైల్ వాడకందార్ల కదలికలను పరిశీలించారు. పేర్లు లేవు, చోటు కూడా టవర్ మేరకే, టైము గంట మేరకే తెలుసు. అయినా ఎవరిదైనా నాలుగు సందర్భాల్లో ఎప్పుడు ఎక్కడున్నారో తెలిస్తే చాలు, నూటికి 95 మందిని మిగతా గుంపు నుంచి విడదీయగలిగారు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. రాత్రి మీరు పడుకునే చోట, పగలు మీరు పనిచేసే చోట, రెండు చోట్లా కనపడే మనిషి ఈ లోకంలో ఎంతమంది ఉంటారు?

గుంపుగా కలిపినా గుట్టు దాగదని స్ట్రావా విషయంలో తేలింది. పరుగు, సైక్లింగ్ నమోదు చేసుకునే ఈ యాప్ 2017 నవంబరులో వాడకందార్ల దారులన్నీ కలిపి వెలుగు గీతలుగా ప్రపంచ పటం విడుదల చేసింది. ఒక్క పేరు కూడా లేదు. 2018 జనవరిలో జనం గమనించింది ఏమిటంటే, చుట్టూ చీకటిగా ఉన్న మారుమూల ప్రాంతాల్లో అక్కడక్కడా చక్కటి దీర్ఘచతురస్రాలు మెరుస్తున్నాయి. సైనిక స్థావరాల్లో సైనికులు ఉదయాన్నే ప్రహరీ వెంట పరుగెత్తిన దారులవి. శత్రువుకు దొరక్కూడదని మూగగా కట్టిన వ్యవస్థ, చేతికి కట్టుకున్న పట్టీ పుణ్యమా అని ఊరందరికీ చాటింపు వేసింది.

వీటన్నింటికీ సంబంధం లేకుండా ఇంకొకరికి కూడా మన చోటు తెలుసు: మొబైల్ నెట్‌వర్క్‌కు. మీకు ఫోన్ వస్తే ఏ టవర్ ద్వారా మోగించాలో దానికి తెలియాలి. కాబట్టి సిమ్ పనిచేస్తున్నంతసేపూ మీరు ఏ టవర్ పరిధిలో ఉన్నారో దాని దగ్గర నమోదవుతుంది. ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేయడం యాప్‌ల తలుపు మూయడమే, ఈ తలుపు దాంతో మూతపడదు. ఈ రికార్డులు ఎంత సున్నితమైనవంటే, పోలీసులు రోజుల తరబడి రికార్డు తీసుకోవాలంటే సాధారణంగా వారెంటు ఉండాల్సిందేనని 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇంకొక పక్క, వినడం ఒక్కటే ఉన్న వ్యవస్థకు తనదైన బలహీనత ఉంది. అంత సన్నటి గొంతును అనుకరించి, దానికంటే గట్టిగా అరిస్తే ఫోన్ నకిలీనే నమ్ముతుంది. 2013లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మధ్యధరా సముద్రంలో ఒక పెద్ద విలాస నౌక మీద, యజమాని అనుమతితోనే, ఈ ప్రయోగం చేశారు. నకిలీ సంకేతాలతో నౌకను అసలు దారి నుంచి పక్కకు తిప్పారు. ఎక్కడా అలారం మోగలేదు. తెర మీద నౌక తిన్నగానే వెళుతోంది, నీళ్ల మీద మాత్రం వంకరగా.

మరి రోజువారీ వాడకంలో ఏం చేయాలి? లొకేషన్ మొత్తంగా ఆపేయమనే సలహా నాకు నచ్చదు. దారి తెలియని చోట తిరిగేవాడికి అది పనికిరాదు. అంతకంటే, ఒక్కో యాప్‌కు నిజంగా ఎంత కావాలో చూసి అంతే ఇవ్వడం మేలు. వాతావరణం చెప్పే యాప్‌కు మీ ఊరు తెలిస్తే చాలు, మీ గది అక్కర్లేదు. 2020లో ఐఫోన్లలో, 2021లో ఆండ్రాయిడ్‌లో "కచ్చితమైన", "సుమారు" అనే రెండు రకాల అనుమతులు వచ్చాయి. "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్న వీలు కూడా ఉంది. దారి చూపించే యాప్‌కు కచ్చితమైనది ఇవ్వక తప్పదు, అదీ వాడుతున్నంతసేపే. చాలా యాప్‌లకు ఏ అనుమతీ అక్కర్లేదు. కెమెరా సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి: అనుమతి ఉంటే ప్రతి ఫొటో లోపల తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు రాసి పెడుతుంది. ప్రయాణాల ఫొటోలు వెతుక్కోవడానికి అది బాగుంటుంది. ఇంట్లో తీసి అమ్మకానికి పెట్టిన పాత సైకిల్ ఫొటోను ఫైలు రూపంలో ఉన్నదున్నట్టు ఎవరికైనా పంపితే, ఇంటి చిరునామా కూడా పంపినట్టే.

పలకడమే ప్రాణం నిలిపే సందర్భమూ ఉంది. చాలా దేశాల్లో అత్యవసర నంబరుకు ఫోన్ చేయగానే, లొకేషన్ ఆఫ్‌లో ఉన్నా ఫోన్ తనంతట తానే ఆన్ చేసుకుంటుంది. ఉపగ్రహాలు, వైఫై, టవర్లు, ఏది దొరికితే దాని సాయంతో చోటు లెక్కకట్టి సహాయ కేంద్రానికి పంపుతుంది. దారి చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్ల దగ్గరికి అంబులెన్సు చేరేది దాంతోనే. పని అయ్యాక మళ్లీ ఆపేస్తుంది. ఎవరికి పంపాలి, ఎందుకు పంపాలి, ఎంతసేపు పంపాలి అన్న మూడింటికీ హద్దు గీసి కట్టిన ఏర్పాటు ఇది. మిగతా యాప్‌లకు ఆ హద్దు గీయాల్సింది ఫోన్ చేతిలో ఉన్నవాళ్లే. ఏ యాప్ గత 24 గంటల్లో ఎప్పుడెప్పుడు లొకేషన్ తీసుకుందో ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రైవసీ డ్యాష్‌బోర్డ్‌లో టైముతో సహా కనపడుతుంది. మొదలుపెట్టడానికి అది మంచి చోటు.